మా మామయ్య ఆడిన కారు పందెం

పోయిన నెలలో మా మామయ్య, అంటే మా ఆయన వాళ్ల నాన్న, కన్నుమూశారు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చేసరికి నేను పాపకు జడ వేస్తున్నాను. తాత పోయిండా అని అది అడిగితే, సగం వేసిన జడ వదిలేసి దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

ఆయన ఎనుమాముల మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు మిర్చి వ్యాపారం చేసిన మనిషి. బస్తా విప్పగానే పైన కనబడే కాయను నమ్మేవారు కాదు. మోచేయి దాకా చెయ్యి దూర్చి, అడుగు కాయ తీసి విరిచి చూసేవారు. ఎప్పుడైనా తేమ కాయను ఎండు కాయ అనుకుంటే, ఎక్కడ పొరబడ్డారో గుమాస్తాకు పైకి చెప్పేవారట. చెప్పనిదే ఇంకో బస్తా ముట్టేవారు కాదట.

వ్యాపారం మానేశాక మనుమరాలితో కలిసి టీవీకి తగిలించిన వీడియో గేములో కార్ల పందెం ఆడడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండేది. అంత పెద్దమనిషి అయ్యుండి పిల్లను ఆయనే చెడగొడుతున్నారని మా ఆయనతో గొడవపడ్డాను. ఆటలోనూ ఆయనది పాత పద్ధతే. కారు బోల్తా పడితే, ఎందుకు పడిందో పైకి చెప్పాకే మళ్లీ మొదలు. మొదట్లో పాప రిమోట్ విసిరికొట్టేది. పోనుపోను, "మలుపుకాడ బ్రేకు ఎయ్యలే తాతా" అనడం నేర్చుకుంది.

అంతలో లెక్కల్లో ఫెయిలైంది. ఇక బడికి పోనని దుప్పటి ముసుగేసుకుంది. తప్పంతా ఆటదేనని నేను రిమోట్లు రెండూ బీరువాలో పెట్టి తాళం వేశాను. మామయ్య కోపం చేయలేదు.

"జర ఆగు బిడ్డా. ఓడిపోవుడు దానికి కొత్త కాదు" అన్నారంతే.

మూడో రోజు పాప తనే లేచి, ఆ పేపరు తెచ్చి ఆయన ముందు పరిచింది. గుణకారం సరిగ్గానే చేశానని, కూడిక దగ్గర తొందరపడ్డానని ఒక్కో లెక్కా చెప్పుకుంటూ పోయింది. ఆయన ఊఁ కొడుతూ కూర్చున్నారు. మర్నాడు బడికి వెళ్లింది. నేను బీరువా తాళమైతే తీశాను గానీ, పొరపాటు నాదేనని ఆయనతో అనలేకపోయాను. ఆ మాట ఇప్పుడు మీతో చెబుతున్నాను.

పెద్దకర్మ అయిన వారానికి, ఒక సాయంత్రం పాప టీవీ ముందు ఒక్కతే కూర్చుంది. పక్కన కూర్చుని రెండో రిమోట్ అడిగాను. నమ్మనట్టు చూసి ఇచ్చింది. నా కారు కదలగానే గోడకు గుద్దుకుంది. మళ్లీ గుద్దుకుంది. పాప నవ్వలేదు. నా బొటనవేలి మీద తన చిన్న వేలు ఆనించి, "మెల్లగ అమ్మా, నేనున్న గద" అంటూ మలుపు తిప్పింది.