భద్రమ్మ వేయించిన టీకా

పోలీసు యాక్షన్ తర్వాతి ఎండాకాలంలో నల్లగొండ పక్క ఊళ్లకు మశూచి పాకింది. టీకాలు వేసే మనిషి మిలిటరీ లారీలో దిగేసరికి, దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘం వాళ్లను పట్టుకుపోతారని సగం ఊరు గుట్టల్లోకి పారిపోయింది.

భద్రమ్మ కదలలేదు. చిన్నప్పుడు మశూచి ఆమె ఎడమ కన్ను తీసుకుంది. ఆ తర్వాత ఎందరు రోగులకు సేవ చేసినా ఆమెకు మళ్లీ సోకలేదు.

"నీ లెక్క ఒక్కసారి వచ్చిపోతే జన్మంతా ఫికరుండదు గదనే అవ్వా. టీకా అయితే కొన్నేండ్లకు మళ్ల ఏసుకోవాల్నంట," అన్నాడు కొడుకు గాలయ్య. సంఘంలో తిరిగినవాడు కాబట్టి అతనికి లారీ భయం కూడా ఉంది.

"నాతోని మంచంబట్టిన అక్కలు ముగ్గురు లేవలే బిడ్డా. బతికిన నన్నే చూస్తున్నవు, పోయినోళ్లను చూస్తలేవు."

గాలయ్య వినకుండా గుట్టకు పోయాడు. భద్రమ్మ మాత్రం మనవరాలు కౌసల్యను ఎత్తుకెళ్లి టీకా వేయించింది.

నెల తిరిగేలోపే గాలయ్యను ఒళ్లంతా పొక్కులతో ఇంటికి మోసుకొచ్చారు. ఎవరూ గడప తొక్కలేదు. భద్రమ్మే వేపమండలతో విసిరింది, గొంతు తడిపింది. తొమ్మిదో రోజు అతను చనిపోయాడు. అదే ఇంట్లో ఉన్న కౌసల్యకు మాత్రం సోకలేదు.

కొడుకును మట్టిచేసిన మర్నాడే, గుట్టల్లో దాక్కున్నవాళ్లను టీకాకు పిలవడానికి భద్రమ్మ ఒక్కతే బయలుదేరింది.