గీతకు ఇవతలే ఆగిన కారు

టీచరమ్మ పోయిందన్న కబురు మా వదిన ఫోను చేసి చెప్పింది. పొద్దున్నే, పాలవ్యాను నడుపుతూనే. నేను కాలేజీకి బయలుదేరి చెప్పులు వేసుకుంటున్నాను. "అయిపాయనమ్మా. ఆస్పత్రికి తీస్కపోతాంటే దోవలోనే" అంది. వెనక ఇంజను మోత, క్యాన్లు ఒకదానికొకటి తగిలే చప్పుడు. బండి పక్కకు ఆపు వదినా అన్నాను. "ఆపితే ఏడుస్తాను. ఇంకా సగం ఊరికి పాలు పొయ్యాల" అని పెట్టేసింది. నేను ఒక కాలికి చెప్పుతో గడప మీద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆమె మీలో ఎక్కువమందికి తెలియదు. తనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో బడికి పోయిన ఆడపిల్లలకు మాత్రం డ్రిల్లు టీచరుగా గుర్తుంటుంది. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్ని. రిటైరయ్యాక మా వీధిలోనే ఇల్లు తీసుకుంది కాబట్టి నాకు పొరుగామె కూడా. పొట్టి మనిషి. చీర కింద కాన్వాసు బూట్లు, మెడలో విజిలు. ఆదివారం చర్చికి పోయేటప్పుడు విజిలు తీసి బైబిలు సంచిలో వేసుకునేది తప్ప ఇంట్లో వదిలి వచ్చేది కాదు. టీ నిలబడే తాగేది. కూర్చోమంటే, "కూర్చుంటే కాళ్లు పని మర్చిపోతాయి" అనేది.

ఇవన్నీ రాస్తుంటే నాకే అనుమానంగా ఉంది. మనిషి పోయాక మనం రాసేది ఆ మనిషి గురించేనా, లేక ఆమె పక్కన మనం నిలబడిన చోటు గురించా? తేలలేదు. తేలకుండానే రాస్తున్నాను.

బడిలో నేను పరుగులో అందరికంటే వెనక. ఒకరోజు ఆమె నన్ను పక్కకు పిలిచి, "నీకు వేగం ల్యా పాపా. అయితే యాడ ఆగాల్నో కూడా నీకు తెలీదు. దూరం పరుగులో ఉండు" అంది. ఉన్నాను. చివరిదాన్నయ్యాను. మిగతా పిల్లలు సంచులు తగిలించుకుని ఇళ్లకు పోతున్నారు, గ్రౌండు సగం ఖాళీ అయింది, నేనింకా ఆఖరి చుట్టులో ఉన్నాను. ఆమె గీత దగ్గరే నిలబడి ఉంది. నేను గీత దాటగానే, మొదట వచ్చిన పిల్లకు ఎంత గట్టిగా ఊదిందో అంతే గట్టిగా విజిలు ఊదింది. నా జీవితంలో నాకోసం ఎవరైనా చేసిన చప్పుడు అంటే నాకు అదే గుర్తొస్తుంది.

ఆమె తయారుచేసిన పిల్లలు బాగా పరుగెత్తేవాళ్లు. కానీ జిల్లా పోటీలు వచ్చే వేళకు శనక్కాయలు పీకే కాలం వచ్చేది. ఒక్కొక్కరే బడి మానేసేవాళ్లు. వానలు లేని ఏడైతే ఇంటిల్లిపాదీ బెంగళూరు పక్క కూలికి పోయేవాళ్లు, పిల్లలతో సహా. "నా పిల్లోళ్లు ఒక్కరన్నా కడాదాకా పోలేదు పాపా. ఏటేటా గ్రౌండులో నేనూ విజిలే మిగిల్తాము" అని ఒకసారి నాతో అంది. నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె కారు పందెంలో దిగినప్పుడు కొంత అర్థమైంది. ఒక్కసారన్నా, ఏదో ఒకదాన్ని, చివరిదాకా తీసుకుపోయి గీత దాటించాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

పందెం గురించి చెప్పాలి. మా వైపు ఒక పెద్ద చెరువుంది. చెరువంటున్నాను గానీ, అందులో నీళ్లు చూసిన ఏళ్లు తక్కువ. ఎండాకాలానికి దాని అడుగు బండలాగా గట్టిపడుతుంది. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల టాక్సీవాళ్లు, మెకానిక్కులు, కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చేరి పాతకార్లతో పందెం పెట్టుకుంటారు. పొద్దుపందెం అంటారు. పొద్దెక్కాక మొదలుపెట్టి, పొద్దు కొండ వెనక్కి దిగేదాకా చెరువు లోపలే చుట్లు తిరగాలి. కారుకు ముగ్గురు. ముగ్గురూ వంతులు వేసుకుని నడపాలి, ఒకరు తగ్గినా లెక్కకు రాదు. పొద్దు దిగగానే తెల్లగుడ్డ ఊపుతారు. ఆ తర్వాత ఏ కారు తన ఇంజనుతో తాను సున్నపు గీత దాటుతుందో అది పందెం ముగించినట్టు. తోసి దాటిస్తే కుదరదు. సగం కార్లు ఆ పొద్దు చూడవు.

వానలు పడిన ఏడు పందెం ఉండదు. టీచరమ్మ చర్చిలో వానకోసం మోకాళ్ల మీద ప్రార్థన చేసేది, ఇంటికొచ్చి కారుకు బ్రేకులు సరిచేయించేది. రెండింట్లో ఏది కావాలి టీచర్ అని అడిగితే, "నీళ్లొస్తే పందెం ఎవురిక్కావాల పాపా? నీళ్లు రావు కాబట్టే ఇది" అనేది.

ఆమె దగ్గర ఒక పాత చిన్న కారు ఉండేది. తెల్లరంగు వెలిసిపోయి మా నేల రంగుకే వచ్చింది. నన్ను, మా వదినను జట్టులోకి తీసుకుంది. వదిన పాలవ్యాను నడుపుతుంది కాబట్టి చెయ్యి గట్టిది. నేనెందుకు అని అడిగాను. "యాడ ఆగాల్నో నీకు తెలీదు కదా" అంది. చుట్టుపక్కలవాళ్లు మొదట్లో నవ్వారు. "ఏమక్కా, ముగ్గురు ఆడోళ్లు, దారి అడుగుతా పోతారా?" అని ఒకాయన అంటే వదిన, "చెరువులో దారేందప్పా, నువ్వు నా ఎనకాల రా, దుమ్ము పెడతాను" అంది. దుమ్మే పెట్టింది. కానీ ఏ ఏడూ పొద్దుదాకా నిలవలేదు. ఒకసారి సైలెన్సరు ఊడిపోయింది. ఒకసారి టైరు చీలింది. ఇంకోసారి అంతా బాగానే ఉండి, సాయంత్రం పాలు పిండే వేళకు వదిన వంతు వచ్చింది. "బర్రెలు పందెం చూసి పాలాపుకుంటాయా?" అని తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

తర్వాత టీచరమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. మా నేలలో ఇది కొత్త జబ్బు కాదు. డయాలసిస్‌కు అనంతపురం పోయి రావడమే ఆమె పని అయింది. డాక్టర్లు నీళ్లకు కొలత పెట్టారు. పొద్దుటి నుంచి రాత్రిదాకా ఒక చిన్న చెంబులోనే సరిపెట్టుకోవాలి. తడిగుడ్డతో పెదాలు తుడుచుకునేది. నేను వాళ్లింటికి పోయినప్పుడు గ్లాసుతో నీళ్లిచ్చి తను కిటికీ వైపు తిరిగేది. అది గమనించినప్పటి నుంచి నేను అక్కడ నీళ్లు తాగడం మానేశాను. ఆమె అదీ గమనించింది. "తాగు పాపా. నేను తాగలేనని ఊరంతా ఎండాల్నా?" అంది.

ఈ ఎండాకాలం ఆమె మళ్లీ పందెం మాట ఎత్తింది. వద్దన్నాను. వదిన ఇంకా గట్టిగా వద్దంది. "నన్ను తీసేస్తే మూడో మనిషి యాడుండాది? నా వంతు కడాన పెట్టండి. తిరిగినంత తిరుగుతాను" అంది. ఎవరం కాదనలేకపోయాం.

ఆ కారు రేడియేటరు కారేది. అతికించినా నిలిచేది కాదు. ప్రతి వంతుకూ నీళ్లు పోయాలి. చెరువులో నీళ్లు లేవు, దగ్గర బోర్లు ఎండిపోయాయి, అందుకని ఎవరి నీళ్లు వాళ్లు తెచ్చుకుంటారు. పెట్రోలు కంటే నీళ్లకే కాపలా ఎక్కువ. మేం వదిన పాలక్యాన్ల నిండా నీళ్లు తెచ్చి టార్పాలిను నీడలో పెట్టాం. మొదటి వంతు వదినది, రెండోది నాది. దిగేవాళ్లు మెడలోని తడితువాలు ఎక్కేవాళ్లకు ఇవ్వాలని టీచరమ్మ పెట్టిన పద్ధతి. రిలే పరుగులో కట్టె ఇచ్చినట్టు, చేతిలో పెట్టి "తీసుకో" అనాలి.

నా వంతు మధ్యలో, దూరపు మలుపు నుంచి చూస్తే మా టార్పాలిను చుట్టూ ఏదో కదులుతోంది. దుమ్ములో అర్థం కాలేదు. దగ్గరికొచ్చి ఆపేసరికి గొర్రెలు. క్యాన్లు బోర్లించి ఉన్నాయి. వదిన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏం చేసినావు టీచరమ్మా? నేను అట్ల టీకి పోయి ఇట్ల వచ్చేతలికి అన్నీ కాలీ."

"గొర్లు తాగినాయి."

"కారుకేం పోస్తావు ఇప్పుడు? నీ విజిలు ఊదుతావా దాంట్లో?"

గొర్రెలాయన తలగుడ్డ తీసి చేతుల్లో నలుపుతున్నాడు. "నేను వద్దనే అంటినక్కా. యాడా తొట్టిలో చుక్క ల్యా. బోరు కాడ కరెంటు ల్యా. ఈయమ్మే పిలిచి పోసింది."

"నువ్వు గమ్మునుండప్పా. నీ గొర్లేమన్నా పందెంలో ఉండాయా?"

టీచరమ్మ నా వైపు చూసింది. "దప్పి యాడ తెలుస్తాదో ఎరుకనా పాపా? గొంతులో కాదు. చెవుల్లో. పక్కింట్లో ఎవురన్నా బిందె దించినా నాకు ఇనపడతాది. నేను క్యాను మూత తీస్తే, ఆ చప్పుడుకు గొర్లన్నీ ఒకేతూరి చెవులెత్తినాయి."

పక్కజట్లను అడిగాను. "మా బండీ ఉడుకుతాండాదక్కా, ఏమనుకోవద్దు" అన్నారు. తప్పు వాళ్లది కాదు. ఒకాయన తను తాగుతున్న సీసాలో మిగిలింది ఇచ్చాడు. అది పోశాం. తువాలు తీసి ఆమె చేతిలో పెట్టాను. తీసుకో అనడానికి నాకు నోరు రాలేదు. ఆమే అంది, "తీసుకుంటాండాను."

మెల్లగా నడిపింది. మిగతా కార్లు ఆమెను దాటుకుని పోతున్నాయి. పొద్దు కొండను తాకింది. తెల్లగుడ్డ లేచినప్పుడు ఆమె దూరపు మలుపులో ఉంది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి వస్తోంది. ఆఖరి మలుపు తిరిగింది. ఇంజను దగ్గినట్టు రెండుసార్లు ఆగి అందుకుంది. గీతకు ఇవతల, మామూలుగా మాట్లాడినా వినిపించేంత దూరంలో, కారు నిలిచిపోయింది. తోయడానికి నలుగురు పరుగెత్తారు. వదిన అడ్డం పోయి, "ముట్టుకోవద్దండి. తోస్తే లెక్కకు రాదు" అంది.

నేను కిటికీ దగ్గరికి పోయాను. టీచరమ్మ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. "గీత కనపడతాండాది పాపా" అంది. విజిలు నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. ఊపిరి లేకనో, ఊదాలని లేకనో.

ఇంజను పట్టేసిందని, అక్కణ్నుంచి కదలదని మెకానిక్కు చెప్పాడు. "ఉండనీలే. వచ్చే ఏడు ఆడనుంచే మొదులుపెడదాము" అంది. అందరం నవ్వాం. ఆమెకు వచ్చే ఏడు లేదని అందరికీ తెలుసు.

ఆ నీళ్లు పోయడం దయేనా? నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఒకపక్క అవునంటాను. మరోపక్క, ఆమె అలిసిపోయిందేమో, ఇక చాలని తనే ముగింపు పెట్టుకుందేమో అనిపిస్తుంది. వదినకు ఇలాంటి చిక్కులు లేవు. "మొండిది. అంతే" అంటుంది.

కొద్దిరోజులకే ఆ గొర్రెలాయన మందను లారీకెక్కించాడు. మేత లేదు, ఏం చేస్తాడు. వదిన రోడ్డు మీద చూసింది. టీచరమ్మకు చెప్పకూడదనుకున్నాం. ఆమే అడిగింది, గొర్లు ఎట్లుండాయని. "బాగుండాయి" అంది వదిన. టీచరమ్మ కాసేపు వదిన మొహం చూసి, "అమ్మేసినాడా" అంది. "ఆ పొద్దు తాగినాయిలే" అని అటు తిరిగి పడుకుంది. ఆ మాట పట్టుకుని ఊరట తెచ్చుకోవాలని చాలాసార్లు చూశాను. నావల్ల కాలేదు.

సమాధుల తోటలో నేల గడ్డపారకు లొంగలేదు. ట్యాంకరు తెప్పించి నీళ్లు పోసి, నానబెట్టి తవ్వారు. చెంబుతో కొలుచుకుని తాగిన మనిషి గోతికి ట్యాంకరు నీళ్లు. నేను అక్కడ నిలబడలేక రోడ్డు మీదికి వచ్చేశాను.

ఆమె పోయిన వారానికి వాన పడింది. ఆమె అడిగిన వాన కాదు. చెరువులో పాదాలు మునిగేంత నీళ్లొచ్చాయి. పైరుకు చాలవు. సున్నపు గీత మాత్రం కరిగిపోయింది. ఆ నీళ్లు కొన్ని రోజుల్లోనే ఇగిరిపోయి అడుగు మళ్లీ పెంకులు పెంకులుగా నెర్రెలిచ్చింది.

కారును పాత ఇనుముకు వేస్తారని తెలిసి మొన్న చూడ్డానికి పోయాను. చక్రాలు బురదలో దిగబడి, బురద ఎండిపోయి, కారు అక్కడే నాటినట్టు ఉంది. దాని నీడలో ఎవరివో గొర్రెలు పడుకుని ఉన్నాయి. కాపరి దూరంగా తుమ్మచెట్టు కింద ఉన్నాడు. లోపల సీటు మీద తువాలు అట్టలాగా బిగుసుకుపోయి కనిపించింది. దాన్ని తీసుకుందామని తలుపు లాగాను. తుప్పు పట్టిన తలుపు కిర్రుమని తెరుచుకుంది.

ఆ చప్పుడుకు గొర్రెలన్నీ ఒకేసారి చెవులెత్తి నా చేతుల వైపు చూశాయి.