క్వార్టరు పాలు

ఆ సాయంత్రం కాబోయే వియ్యాలవారు వస్తారని పిన్ని మొదటిసారి కేరమెల్ పుడ్డింగ్ చేస్తోంది. క్వార్టర్ లీటరు పాలు కావాలంటే బాబాయి ఖాళీ బ్రాందీ క్వార్టరు సీసా కడిగి, నిండా కొలిచి గుడ్లలో పోశాడు.

"బాబాయ్, అది నూట ఎనభై మిల్లీ. లీటరులో క్వార్టరంటే రెండు వందల యాభై," అన్నాను.

"పాండిచ్చేరిలో క్వార్టరంటే ఇదేరా."

పిన్ని మొహం వాడిపోయింది. "పుడ్డింగ్ రబ్బరు మాదిరి అవుతుందే. ఇంకో డెబ్బై మిల్లీ ఎట్ట కొలిచేది?"

"టీస్పూనుకు అయిదు మిల్లీ. పద్నాలుగు స్పూన్లు పొయ్యి పిన్నీ."

పుడ్డింగ్ మెత్తగా కుదిరింది. తిన్నాక వియ్యపురాలు ఎట్ట చేశారని అడిగింది.

"పావు లీటరు పాలు, వదినా," అంది పిన్ని. "మీ ఇంట్లో కొలిచే పని మాత్రం అన్నయ్యకి చెప్పొద్దండి."