కరాటేకి నేను చూపించిన పుట్టిల్లు

కరాటే ఎక్కడ పుట్టిందో, జపాన్‌లోని ఒకినావా నుంచి వచ్చిన కరాటే మాస్టారికే పాఠం చెప్పిన మహాతల్లిని నేనే. ఆ పాఠం ఎలా తగలబడిందో చెప్తాను, నవ్వుకోండి.

అప్పుడు నేను విదేశంలో, సార్నియా అనే ఊళ్లో కాలేజీ స్టూడెంట్‌ని. కారు లేదు. బస్సుల సంగతి అడక్కండి. నేను అద్దెకున్న బేస్‌మెంట్ పక్క వీధిలోనే ఆ మాస్టారు ఓషిరో గారి కరాటే స్కూల్. అక్కడ రిసెప్షన్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం ఉందని తెలిసి పరుగెత్తాను. అది దొరక్కపోతే ఊరి చివర గోడౌన్‌లో పనికి మంచులో నడుచుకుంటూ పోవాల్సిందే.

"కరాటే గురించి ఏమైనా తెలుసా?" అని అడిగారాయన.

తెలియదంటే సరిపోయేది. నా నోరు ఊరుకుంటుందా?

"అది మాదేనండీ! మా దక్షిణాది బౌద్ధ భిక్షువొకాయన చైనా వెళ్లి, అక్కడి మఠంలో నేర్పాడు. మీకూ అక్కడి నుంచే వచ్చింది" అన్నాను, ఆయన్ని నేనే దగ్గరుండి సాగనంపినట్టు.

ఓషిరో గారు నవ్వలేదు. "ఆయన నేర్పిన వ్యాయామం ఏదైనా మా క్లాసుకి చూపిస్తావా?" అన్నారు.

నాకు వచ్చిన వ్యాయామం ఒక్కటే. హోంవర్క్ చేయనప్పుడల్లా మా లెక్కల సారు చేయించింది. రెండు చేతులూ అడ్డంగా వేసి చెవులు పట్టుకుని, "ఇది చాలా ప్రాచీనం" అంటూ గుంజీలు మొదలుపెట్టాను. బ్లాక్ బెల్టులతో సహా క్లాసంతా చెవులు పట్టుకుని లేస్తూ కూర్చుంటుంటే నిజంగానే గర్వమేసింది.

అప్పుడే ఆ క్లాసులోనే ఉన్న మనవరాలిని తీసుకెళ్లడానికి మా తెలుగాయన, రిటైర్డ్ డాక్టర్ సుబ్బారావు అంకుల్ వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

"ఏమ్మా, ఇంతమందీ కలిసి ఏం తప్పు చేశారు?"

"అంకుల్, ప్లీజ్, జర మెల్లగా!"

తెలుగులో అన్నారు కాబట్టి బతికిపోయాననుకున్నాను. మనవరాలు ఊరుకుంటేనా? చెవులు వదలకుండానే ఇంగ్లిష్‌లో అరిచింది: "తాతా, ఇది మీ స్కూల్లో పనిష్‌మెంట్ అన్నావు కదా?"

అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చింది.

ఓషిరో గారు నన్ను పక్కకి పిలిచి నిదానంగా చెప్పారు. "ఆ భిక్షువు కథ మాకూ తెలుసు. వినడానికి బాగుంటుంది. కానీ ఆయన కంటే ముందే చైనాలో కుస్తీలూ కత్తిసాములూ ఉన్నాయి. మా ఒకినావా వాళ్లు తమకు వచ్చిన ముష్టియుద్ధానికి చైనా విద్య కలుపుకున్నారు."

"తెలిసే ఎందుకు చేయించారండీ?"

"మోకాళ్లకి మంచిది. సోమవారం నుంచి పనికి రా. ఎవరైనా చరిత్ర అడిగితే మాత్రం ఫోన్ నాకివ్వు."

ఇప్పటికీ అక్కడ వార్మప్ గుంజీలతోనే మొదలవుతుంది. కొత్తగా చేరినవాళ్లకి సీనియర్లు చాలా భక్తిగా, "ఇది ఇండియాలో భిక్షువులు చేసిన ప్రాచీన విద్య" అని నేర్పుతున్నారట.

కాబట్టి పాఠక మహాశయులారా, ప్రపంచంలోని ఏ విద్యనూ ఇకమీదట మాది అననని మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. గుంజీలు మాత్రం మావేనండీ, అందులో అనుమానం లేదు.