నొప్పి దాచిన నలభై రోజులు

ఆ ఉదయం జాకెట్టుకు హుక్కులు కుట్టబోతే సూది చేతిలో నిలవలేదు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. పాలప్యాకెట్ కత్తిరించడానికి పక్కింటామెను పిలవాల్సి వచ్చింది. విడవలూరులో ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషన్ మీద బతుకుతున్నదాన్ని. చేతులు మొరాయిస్తే నాకింకేముంది?

గంట తర్వాత వేళ్ళు కదిలాయి. సరేలే అనుకున్నాను. అలా సరేలే అంటూనే మూడు నెలలు గడిపాను. రెండు మణికట్లూ వాచాక నెల్లూరు వెళ్ళాం. ఈఎస్ఆర్, ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్షలు, ఎక్స్‌రే అన్నీ చూసి డాక్టరమ్మ "రుమటాయిడ్ ఆర్థరైటిస్" అన్నారు. "మామూలు నొప్పులు కాదమ్మా, కీళ్ళను లోపల్నుంచి తినేస్తుంది. టాబ్లెట్లు మాత్రం మానొద్దు." రాసిచ్చిన మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రెండు నెలలకు వాపు తగ్గింది. మళ్ళీ మిషనెక్కాను.

అంతలో శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మా చర్చిలో ఆడవాళ్ళం ఏదో ఒకటి మానుకుంటాం. ఒకరు మాంసం, ఒకరు పూలు, ఒకరు టీవీ. నేను మందులు మానుకున్నాను. యేసయ్య మన కోసం బాధపడినట్టు నేను మా ఆయన కోసం బాధపడితే ఆయన తాగుడు మానతాడని తీర్మానం చేసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే త్యాగం విలువ పోతుందట! నాకీ తెలివి ఎవరు నేర్పారో.

మూడో వారానికి తల దువ్వుకోలేకపోయాను. చూడవచ్చిన ప్రతివాళ్ళూ "దేవుడు ప్రేమించినవాళ్ళకే శ్రమలమ్మా" అని, టీ తాగి వెళ్ళారు. ఆ టీ కాచింది వంగని వేళ్ళతో నేనే.

ఐదో వారం చెకప్. "నొప్పి పదికి ఎంత?" అన్నారు డాక్టరమ్మ.

"మూడండీ."

"మందులు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానండీ."

ఈఎస్ఆర్ బాగా పెరిగింది. ఎక్స్‌రేలో కుడి మణికట్టు దగ్గర ఎరోషన్, అంటే ఎముక అరిగిన గుర్తు, కనిపించింది. "ఈ మందు పనిచేస్తున్నట్టు లేదు, ఇంకోటి కలుపుతాను" అంటూ ఆమె రాయబోతుంటే, పక్కన కూర్చున్న మా ఆయన జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క మాత్రా తీయని స్ట్రిప్పులు. దారాల డబ్బాలో దొరికాయట. విషయమంతా కక్కక తప్పలేదు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టేశారు. "మీ భక్తిని నేను తప్పుపట్టను. కానీ నాకు అబద్ధం చెబితే, అక్కర్లేని మందు రాసి మిమ్మల్ని నేనే పాడుచేస్తాను."

బయటికొచ్చాక మా ఆయన రోడ్డు మీదే అరిచాడు. "ఏందిమే ఇది? నా కోసమా? నేనడిగినానా నిన్ను? నువ్వట్టా మూలగతా ఉంటే ఇంట్లో ఉండలేక ఇంకో క్వార్టర్ ఎక్కువ తాగినా!"

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద, నా మీద, దేవుడి మీద కూడా. యేసయ్య బాధ వల్ల లోకానికి రక్షణ వచ్చింది. నా బాధ వల్ల నాకు ఎరోషన్ వచ్చింది.

శుభశుక్రవారం ఆరాధనలో, సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల్ని మా సంఘంలో ఏడుగురికి పంచుతారు. ఆ ఏడాది నాకు ఐదోది వచ్చింది, దాహమని ఆయన చెప్పుకున్న మాట. ఓర్పు గురించి మాట్లాడదామని రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది. మణికట్టు కదలకుండా చేతికి స్ప్లింట్ ఉంది. కోపం ఇంకా చల్లారలేదు. కాగితం మడిచేసి అన్నాను: "లోకం కోసం ప్రాణం పెడుతున్న ఆయనే దాహమని నోరు తెరిచి చెప్పాడు. కాపలా ఉన్న సైనికులు విన్నారు. నాకు వైద్యం చేసే మనిషికి నేను చెప్పలేదు." తర్వాత జరిగిందంతా చెప్పేశాను. ఇద్దరు ముగ్గురు మొహాలు తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

ఇప్పుడు మందులు వేళకు వేసుకుంటున్నాను. రెండు వేళ్ళు ఇక తిన్నగా రావు. జాకెట్లు వదిలేసి లంగాలు, దిండుగలీబులు కుడుతున్నాను. మా ఆయన తాగుడు మానలేదు, మానాడని అబద్ధపు సాక్ష్యం చెప్పలేను. అయితే పొద్దున్నే నా జడ వేసేది ఆయనే. వంకరగా వేస్తాడు, చిరాకేస్తుంది.

ఉపవాసం పట్టేవాళ్ళకు ఒక్క మాట. ఏం మానుతున్నారో ముందు డాక్టరుకు చెప్పండి, మందులు మాత్రం మానకండి. త్యాగం చేయకుండా ఉండలేమంటారా, జబ్బుపడ్డవాళ్ళింటికి వెళ్ళి అంట్లు తోమండి. మీ చేతులు బాగున్నాయి కదా.