మన్మథరావుగారి పళ్ళ మొక్కు

రాయగడ బజారులో మన్మథరావుగారికి మనుషుల మొహాలు గుర్తుండవు. పళ్ళు గుర్తుంటాయి. చింతపండు, పసుపు, ఎండుమిరప టోకున అమ్మే ఆ శావుకారు, కొట్టు గడప ఎక్కినవాడు ఎవడైనా సరే, బేరానికి ముందు ఒకటే మాట అనేవారు. "ఏదీ, ఓపాలి ఈ అను." ఎదుటివాడు బిత్తరపోయి పళ్ళికిలిస్తే, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, మెడ అటూ ఇటూ వంచి చూసి తీర్పు చెప్పేవారు. బాగుంటే "సిగుళ్ళు బేషుగ్గా ఉన్నాయి." బాగోకపోతే "నెత్తురు కారతన్నాది కదా, పళ్ళ డాక్టరు దగ్గరకెల్లు." చింతపండు మాట ఆ తర్వాతే.

తల్లిదండ్రులు ఏ ముహూర్తాన ఆ పేరు పెట్టారో గాని, మన్మథరావుగారి చూపు జన్మలో ఎవరి పెదవుల దగ్గరా ఆగలేదు. నేరుగా చిగుళ్ళ దాకా పోయేది. కుర్రతనంలో బిస్సమ్ కటక్ సంతలో ఎద్దుల బేరాలు చేసేవారని, పళ్ళు చూసి వయసు కట్టే ఆ అలవాటే మనుషుల మీదికి పాకిందని బజారులో ఒక కథ ఉండేది. ఆయన దాన్ని ఔననలేదు, కాదనలేదు. ఒడియావాళ్ళు వస్తే "దాంత దెఖా" అనేవారు. కొండ మీంచి పసుపు మోసుకొచ్చిన కోందులకైతే మాటే అక్కర్లేదు. తన పెదవి తానే వేలితో ఎత్తి చూపిస్తే, వాళ్ళూ నవ్వుతూ ఎత్తేవారు.

ఓసారి విజయనగరం వెళ్ళే రైల్లో టీసీ వచ్చి టికెట్ అడిగాడు.

"టికెట్టు ఎక్కడికీ పోదు. ముందు నువ్వు ఈ అను."

"నేను డ్యూటీలో ఉన్నానండీ."

"నీ సిగుళ్ళు కూడా డ్యూటీలోనే ఉన్నాయి బాబూ. పాపం, వాచిపోయి సేస్తన్నాయి."

ఆ టీసీ పార్వతీపురం వచ్చేదాకా పక్కనే కూర్చుని తన పళ్ళ కష్టాలు చెప్పుకున్నాడు. ఆ పూట ఆ పెట్టెలో టికెట్ లేనివాళ్ళంతా హాయిగా ప్రయాణం చేశారు.

మేనల్లుడి పెళ్ళిచూపుల్లో అయితే పెళ్ళికూతురు పాటందుకోబోతుంటే, "పాటొద్దమ్మీ, ఓపాలి ఈ అను సాలు" అన్నారు. పిల్ల నాయనమ్మ చాప మీంచి లేచింది. "పిల్లని సూడ్డానికొచ్చేరా, ఎద్దుని కొనడానికొచ్చేరా?" అని అరిచింది. అంత నోరు తెరిచి అరిచేసరికి లోపల ఎనభై ఏళ్ళ వయసులో ఒక్క పన్ను చెక్కు చెదరకుండా కనిపించింది. మన్మథరావుగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "ఈ వంశంతో ఇయ్యమందాల్సిందే!" సంబంధం ఖాయమైంది.

ఇంత హడావిడికీ ఆయన సొంత పళ్ళే సాక్ష్యం. అరవై దాటిన మనిషికి జొన్నపొత్తు గింజల్లా వరసగా ఉండేవి. "ఏటితో తోముతారు శావుకారుగారూ?" అని అడిగితే, "తోమడం తరవాత. అబద్దం ఆడకుండా ఉంటే పళ్ళు వాటంతటవే నిలుస్తాయి" అనేవారు.

ఆయన చింతపండు గోడౌను వెనక గదిలోకి సుభద్రమ్మ అద్దెకు దిగింది కొత్త శతాబ్దం వచ్చిన ఏడాది. ఆమె భర్త జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేస్తూ జబ్బుచేసి పోయాడు. మిల్లు క్వార్టరు ఖాళీ చెయ్యక తప్పలేదు. బొబ్బిలి దగ్గర చుట్టాలు రమ్మన్నారు గాని, ఆ రమ్మనడంలో రావద్దనే మాటే గట్టిగా వినిపించింది. గది చూడటానికి వచ్చిన రోజున మన్మథరావుగారు అలవాటు చొప్పున, "ఏదీ, ఓపాలి ఈ అను" అన్నారు. మొగుడు పోయాక నవ్వడమే మరిచిపోయిన మనిషి, ఏమనాలో తోచక పెదవులు కొంచెం విడదీసింది. శావుకారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశారు. చూశారు. మళ్ళీ దించుకున్నారు. బేషన్నారా, బాగోలేవన్నారా? ఏమీ అనలేదు. తాళంచెవి చేతిలో పెట్టి కొట్టులోకి వెళ్ళిపోయారు.

ఊరందరికీ ఏదో ఒకటి చెప్పే మనిషికి తనతో చెప్పడానికి మాటే లేదని సుభద్రమ్మ చిన్నబోయింది.

గోడౌను వసారాలో పగలంతా వీధి ఆడవాళ్ళు కూర్చుని చింతపండు పిక్క తీసేవారు. చేతులకు పని, నోటికి ఊరి కబుర్లు. సుభద్రమ్మ కూడా వెళ్ళి కూర్చునేది. ఆమె కూర్చున్న కాసేపటికి పక్కావిడకు ఎండ తగిలేది, నీడలో కూడా. ఇంకొకావిడకు నడుం పట్టేసేది. అందరిలోకీ వాగుడుకాయ రామతులసికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి. ఏ వేళకు చూసినా ఆమె చుట్టూ గోనెసంచీ పరిచేంత చోటు ఖాళీగా ఉండేది.

అసలు సంగతి సుభద్రమ్మకు తప్ప వీధి మొత్తానికి తెలుసు. ఆమె నోరు వాసన వేసేది. మిల్లు కాలనీలో ఇరుగుపొరుగు చూసి గుడాకు నేర్చుకుంది. పొగాకూ బెల్లమూ కలిపిన ఆ నల్లటి ముద్దను వేలితో పళ్ళకు రుద్దుకుంటే కాస్త మత్తు, కాస్త కాలక్షేపం. పొద్దున్నొకసారి రుద్దేది, మొగుడు పోయాక పొద్దస్తమానం రుద్దింది. నొప్పి తెలియలేదు గాని చిగుళ్ళు లోపల్లోపల చెడిపోయాయి. కాళ్ళ దగ్గర పాము పాకుతుంటే కేకేసి చెప్పే జనమే, నోటి వాసన సంగతి మాత్రం చెప్పరు. అది మర్యాదట!

మొగుడు పోయినదాన్ని కాబట్టి దూరం పెడుతున్నారని సుభద్రమ్మ అనుకుంది. నెమ్మదిగా వసారాకు వెళ్ళడం మానేసి, తన వంతు చింతపండు గదిలోకే తెచ్చుకుంది. తలుపు వేసుకుని పిక్క తీస్తూ గోడకవతల నవ్వులు వినేది. దేనికి నవ్వుతున్నారో తెలియకపోయినా తానూ కాస్త నవ్వేది. తన పక్కన ఒక మనిషి వచ్చి కూర్చుంటే చాలు, ఇంకేమీ వద్దనిపించేది. గుడాకు డబ్బా తప్ప మరొకటి పక్కకు రాలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం మన్మథరావుగారు మజ్జిగౌరమ్మ గుడినుంచి ఇంత బొట్టుతో వచ్చి వసారా మధ్య నిలబడ్డారు. సుభద్రమ్మను కూడా గదిలోంచి పిలిపించారు.

"అమ్మవారికి మొక్కుకున్నాను. నా చింతపండు ముట్టుకునే వోళ్ళందరికీ పళ్ళు శుబ్రం సేయిస్తానని. ఖర్సు నాది."

రామతులసి నోరు వెళ్ళబెట్టింది. "తలనీలాలిస్తారు, కోడినిస్తారు. పళ్ళు తోమించే మొక్కేటి శావుకారుగారూ?"

"అమ్మవారే అడిగింది. కలలోకొచ్చింది."

"వొచ్చి?"

"వొచ్చి నన్ను ఈ అనమంది."

కొట్టులో బస్తాలు మోసే దాలయ్య భుజం మీది బస్తా దించి లెంపలేసుకున్నాడు. అప్పు ఎగ్గొట్టేవాళ్ళుంటారు, పన్ను ఎగ్గొట్టేవాళ్ళుంటారు గాని, మరొకరి మొక్కుకు అడ్డంపడి ఆ పాపం నెత్తికెత్తుకునేవాళ్ళు ఆ వీధిలో లేరు. అందరూ పసుపు బస్తాల జీపెక్కి జేకేపూర్ రోడ్డులో కొత్తగా తెరిచిన పళ్ళ ఆస్పత్రికి వెళ్ళారు.

డాక్టర్ కిరణ్మయి పార్వతీపురం పిల్ల. తక్కినవాళ్ళకు పైపైన గార తీసి, "బ్రష్షు మెత్తగా వాడండి" అని పంపేసింది. సుభద్రమ్మ వంతు వచ్చేసరికి సన్నటి ఇనపకడ్డీతో చిగుళ్ళ అంచున గుచ్చి గుచ్చి చూసి, తలుపు దగ్గరగా వేసింది.

"చిగురు పంటిని వదిలేసిందమ్మా. మధ్యలో సందు పడి, దాన్నిండా గార పేరుకుపోయింది. మీకు డీప్ క్లీనింగ్ చెయ్యాలి. మత్తిచ్చి, చిగురు కింద వేరు దాకా గీకి నున్నగా చేస్తాను. ఈ వారం కుడివైపు, వచ్చే వారం ఎడమవైపు."

"ఆ గారే కదా తల్లీ పళ్ళని పట్టుకోనున్నాది? తీసేస్తే ఊడిపోవా?"

"అది పట్టుకోలేదమ్మా. చిగుళ్ళను దగ్గరకు రానివ్వడం లేదు."

సుభద్రమ్మ కుర్చీ దిగిపోయింది. "అందరికీ పైపైన, నాకొక్కర్తికే సూదీ, గీకడమూనా? నాకొద్దు తల్లీ." తలుపు తీస్తే ఎదురుగా మన్మథరావుగారు బుగ్గ మీద చెయ్యేసుకుని దిగులుగా కూర్చుని ఉన్నారు.

"నీకూ డీపేనా సుభద్రమ్మా? నాకూ అదే అన్నాది డాక్టరమ్మ."

"మీకా! అలాటి పళ్ళకా?"

"పైకే. కిందంతా గార. నువ్వు జడిస్తే నేను ముందెల్తాను. బతికొస్తే నువ్వెల్లు."

లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. కాసేపటికి "అమ్మో! నాయనో!" అని కేకలు వినిపించాయి. మధ్యలో డాక్టరమ్మ ఎందుకో ఆగకుండా దగ్గింది. ఆయన బుగ్గలో దూది పెట్టుకుని బయటికొచ్చారు. "ఏటీ నేదు. సీమ కుట్టినట్టుంటాది. ఆ తరవాత బుగ్గ మనది కాదు."

అంత పెద్ద మనిషే భరించాక తనకేమని సుభద్రమ్మ కుర్చీ ఎక్కింది. సూది చురుక్కుమంది. సగం నోరు మొద్దుబారింది. ఆ తర్వాత కొబ్బరికోరుతో కోరుతున్న చప్పుడు తలలోపలినుంచే వినిపించింది. నెత్తురు పుక్కిలించి ఉమ్మినప్పుడల్లా డాక్టరమ్మ గడ్డం పట్టుకుని, "అయిపోవచ్చిందమ్మా, ఇంకొంచెం" అంటూ మొహంలోకి వంగి చూసింది. ఇంకో మనిషి మొహం ఇంత దగ్గరగా చూసి ఎంతకాలమైందో సుభద్రమ్మకు గుర్తు రాలేదు. నొప్పి లేకపోయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ మర్నాటినుంచి వీధిలో ఇద్దరే రోగులు. ఉప్పునీళ్ళు ఇద్దరూ పుక్కిలించారు. గుడాకు డబ్బా ఆమె పెంటమీదికి విసిరేసింది. ఆయనకు ఆ అలవాటు లేదు కాబట్టి, తోడుకు ముక్కుపొడుం మానేశారు.

"సన్నీళ్ళు తాగితే మీకూ జివ్వుమంటన్నాదా?"

"మరే! ప్రాణం జివ్వుమంటన్నాది."

"పళ్ళ మద్దిన సందులొచ్చినట్టు లేదూ?"

"సందులేటి, వీధులొచ్చినాయి!"

నమలలేడు పాపమని సుభద్రమ్మ రోజూ రాగిపిండితో చోడిజావ కాచి కొట్టు వెనక గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేది. ఎవరికైనా ఒకరికి వండటం ఆమెకు మళ్ళీ అప్పుడే మొదలైంది. ఎడమవైపు కూడా అయింది. ఈసారీ శావుకారే ముందెళ్ళి, ఇంకొంచెం గట్టిగా అరిచి వచ్చారు.

చిగుళ్ళ వాపు తీసింది, నెత్తురు ఆగింది. ఆయన బలవంతం మీద సుభద్రమ్మ మళ్ళీ వసారాలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక రోజున రామతులసి ఏదో చెప్పి తానే పడీపడీ నవ్వి, నవ్వలేక సుభద్రమ్మ భుజం మీద వాలిపోయింది. సుభద్రమ్మ కదిలితే ఆ తల ఎక్కడ లేస్తుందోనని చెయ్యి తిమ్మిరెక్కేదాకా బిగుసుకుని కూర్చుంది.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ సంబరంగా, "వాసన కూడా పూర్తిగా పోయిందమ్మా" అంది.

"వాసనేటి తల్లీ?"

డాక్టరమ్మ నాలిక్కరుచుకుంది. సుభద్రమ్మకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. నీడలో తగిలిన ఎండ, రామతులసి పొయ్యి మీద ఎన్నడూ పొంగని పాలు. దారంతా సిగ్గుతో తల ఎత్తలేదు. ఇంటికొచ్చాక కోపం వచ్చింది. ఒక్కరైనా చెప్పొచ్చు కదా! ఆ కోపం చెప్పుకోవడానికి తనతోపాటు సూది తిన్న మనిషి ఒక్కడే కనిపించాడు.

మర్నాడు పొద్దున్నే, రోజూకన్నా ముందే, జావగిన్నెతో కొట్టు వెనక ఆయన ఉండే గదిలోకి వెళ్ళింది. గూట్లో గాజుగ్లాసు ఉంది. గ్లాసునిండా నీళ్ళు. నీళ్ళలో రెండు వరసల పళ్ళు ఆమెను చూసి ఈ అంటున్నాయి. పక్కన మన్మథరావుగారు సొట్టబుగ్గలతో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

"శావుకారుగారూ, ఇయ్యేటి?"

"ఊఁ."

"మరి ఆ పొద్దు లోపల అమ్మో నాయనో అన్నదెవులు?"

ఆయన తువ్వాలు తీశారు. మాటల్లో గాలి ఎక్కువగా ఉంది. "నేనే. కుర్సీలో ఊరికే కూకోని అరిసేను. డాక్టరమ్మ నవ్వాపుకోలేక దగ్గింది."

"మీ జివ్వుమనడం?"

"నువ్వు జివ్వంటే నేనూ జివ్వన్నాను."

"ఎందుకూ?"

"ఒకప్పుడు నా నోరూ అలగే ఉండీది సుభద్రమ్మా. జనం దూరం జరిగేరు. పొగరనుకోని నేనింకా దూరం జరిగేను. ఒక్కడు సెప్పలేదు. పళ్ళన్నీ రాలిపోయేక తెలిసింది. అప్పట్నుంచి ఎవులొచ్చినా ముందు నోరే సూస్తాను. అందరికీ మొహం మీదే సెప్పేస్తాను. నీకు సెప్పడానికి నోరు రాలేదు. కొత్తగా మొగుడు పోయి వొచ్చేవు. నీకొక్కర్తికే సెప్తే ఆ గదిలోంచి మరి బయటికి రావనిపించింది. అందుకే అందర్నీ జీపెక్కించేను."

"అమ్మవారు కలలోకొచ్చిందన్నారు?"

"అబద్దం ఆడేను. అందుకే నా పళ్ళు గ్లాసులో ఉన్నాయి."

సుభద్రమ్మ నవ్వింది. గోడకవతలివాళ్ళ నవ్వుకు తోడుగా నవ్విన నవ్వు కాదది, ఆమె సొంతం. ఇన్నాళ్ళూ జావ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయిన మనిషి, ఆ రోజు పసుపుబస్తా మీద ఆయన ఎదురుగా చతికిలబడింది.

"ఏదీ అన్నియ్యా, ఓపాలి ఈ అను."

ఊరందరి చేత పళ్ళికిలింపజేసిన మన్మథరావుగారు కొత్తపెళ్ళికూతురిలా సిగ్గుపడి తువ్వాలు మళ్ళీ అడ్డం పెట్టుకున్నారు. ఆమె వదల్లేదు. చివరికి పసిపిల్లాడిలా బోసినోరు తెరిచి ఈ అన్నారు.

సుభద్రమ్మ లేని కళ్ళద్దాలను నుదుటి మీదికి తోసుకుని, మెడ అటూ ఇటూ వంచి చూసింది.

"సిగుళ్ళు బేషుగ్గా ఉన్నాయి," అని జావగిన్నె ఆయన చేతికిచ్చింది.