గాజుల మేకు

మొన్న అచ్చంపేటలో మళ్లీ ఆ చప్పుడు వినబడింది. నా దగ్గర శిక్షణకు వచ్చిన కొత్త నర్సులు నల్లా దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటుంటే సబ్బు నురగలో మట్టిగాజులు గలగలమన్నాయి. వినేవాళ్లకు ముచ్చటేసే చప్పుడే. నాకు మాత్రం ముందు ఒళ్లు మండుతుంది, వెంటనే ఏడుపొస్తుంది. ఆ రెండింటికీ కారణం అనసూయక్క. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆమె చెప్పుల చప్పుడు వినబడితే చాలు, వార్డంతా సర్దుకునేది. పాన్‌గల్ దగ్గరి పల్లెలో పుట్టి, ఒక చిన్న సర్కారు దవాఖానలో కాన్పుల వార్డుకు హెడ్ నర్సయింది. అది ఏ ఊరో చెప్పను. నా మొదటి ఉద్యోగం అక్కడే. నొప్పులు పడే మనిషి నడుము ఎక్కడ నొక్కాలో, ఆమె అత్తను ఎలా బయటికి పంపాలో, అన్నీ అక్క దగ్గర తిట్లు తింటూ నేర్చుకున్నాను.

ఆ ఏడు ఆపరేషనైన బాలింతలకు కుట్లు చీము పట్టడం ఎక్కువైంది. ఎందుకో తేల్చడానికి పట్నం నుంచి పరిశోధకులు వచ్చారు. మేం పని చేస్తుంటే పక్కనే నిలబడి రాసుకునేవాళ్లు. అత్తగారింట్లో కొత్తకోడలు వంట చేస్తున్నట్టు ఉండేది మా పరిస్థితి. ఒకరోజు మా చేత శుభ్రంగా చేతులు కడిగించి, క్రిములుంటే చుక్కల్లా పెరిగి కనబడే జిగురు పోసిన చిన్న మూత డబ్బాల్లో అరచేతులు అద్దించారు. వేరే డబ్బాల్లో గాజులను దొర్లించారు. కొన్నాళ్లకు వాటిని తెచ్చి మా ముందు పెట్టారు. అనసూయక్క అరచేయి అద్దిన డబ్బాలో దాదాపు ఏమీ లేదు. గాజు దొర్లిన డబ్బాలో మాత్రం తెల్లటి చుక్కలు, ముగ్గుకు పెట్టినట్టు వరసగా మొలిచాయి. అక్క దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ఆ చుక్కలే బాలింతల కుట్లలోకి పోతున్నాయా అని మాత్రం అడిగింది. పోవచ్చన్నారు వాళ్లు.

మర్నాడు వార్డు గుమ్మం పక్కన మేకు కొట్టించింది. అందరం చూస్తుండగా చేతికి సబ్బు రాసుకుని, బిగుతు గాజులను ఒక్కొక్కటే లాగి, దారానికి గుచ్చి తగిలించింది. మొగుడు బతికుండగా గాజులు తీసి గోడకు తగిలించడం! వార్డు ఊడ్చే ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక ముసలావిడైతే ఆ బోసి చేతులతో తన మనవణ్ని ముట్టుకోవద్దంది. అక్క పట్టించుకోలేదు. ఇంటికి పోయేముందు మళ్లీ తొడుక్కునేది. ఆమె భర్త నర్సింలన్న బస్సు డ్రైవరు. డ్యూటీ లేని సాయంత్రాలు ఆమెను తీసుకుపోవడానికి వచ్చేవాడు. మేకు వైపు చూసి, "గాజులు గోడకున్నయి, నేను గీడనే ఉన్న. ఇంకేం గావాలె?" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూశాకే మాకు ధైర్యమొచ్చింది. ముందు నేను తీశాను, తర్వాత ఒక్కొక్కరే. మేకు నిండిపోయింది. చీము డ్రెస్సింగులు తగ్గుతూ వచ్చాయి. అక్క మొహంలో ఆ రోజుల్లో ఉన్న వెలుగు నేను మళ్లీ చూడలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నర్సింలన్న గద్వాలలో బస్సు దిగి, నీళ్లు తాగుతూనే కూలిపోయాడు. గుండెపోటు. పదోరోజున మేమంతా వాళ్ల ఊరికి వెళ్లాం. ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఆమె చేతుల నిండా గాజులు తొడిగారు, పగలగొట్టడానికే. అక్క చేతులు వెనక్కి లాక్కుంది.

"పలగ్గొట్టకుండ్రి. నేనే తీస్త. రోజూ తీసినదాన్నే గద."

నీళ్ల తొట్టి దగ్గర కూర్చుని సబ్బు రాసుకుంది. వెనక ఎవరో అన్నారు, గొంతు తగ్గించనైనా లేదు, రోజూ తీసి తీసే మొగుడి మీదికి తెచ్చుకున్నదని. అక్క చెయ్యి కాసేపు ఆగింది. మళ్లీ ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టింది.

ఆమె డ్యూటీకి తిరిగి వచ్చేసరికి మేకుకు నా గాజులొక్కటే ఉన్నాయి. మిగతా చేతులన్నీ నిండుగా ఉన్నాయి. వాళ్లనేమనగలను? మా అమ్మ కూడా ఫోన్‌లో నా పసుపు కుంకుమల కోసం ఏడ్చింది. అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పమని అక్కను బతిమాలాను. ఆమె గోడ వైపే చూస్తూ అంది:

"నేను చెప్తే ఇంటరా బిడ్డా? నా మొగుడు సచ్చిపాయె. ఇగ నువ్వు చెప్పాలె. మీ ఆయన సల్లగున్నడు."

కొన్నాళ్లకు కాన్పుల వార్డు వదిలి మందుల గదికి మార్పించుకుంది. అక్కడ గొంతెత్తాల్సిన పని లేదు. పరిశోధన అచ్చయి వచ్చింది. అందులో గాజుల సంగతి ఉంది, అనసూయక్క సంగతి లేదు. రిటైరై ఊరికి పోయింది, నిరుడు కన్నుమూసింది. చీము పట్టిన ఆ బాలింతల కోసం అంత చేసిన మనిషి, మొగుణ్ని పోగొట్టుకున్న పాపం తనదేనేమో అనుకుంటూ పోయిందా? ఆ మాట ఆమెను అడగలేకపోయాను. ఇప్పటికీ నన్ను తినేస్తున్నది అదే.

ఇప్పుడు చెప్పేది నేనే. క్లాసులో ముందు నా గాజులు తీసి బల్ల మీద పెడతాను. తర్వాత అందరికీ వినబడేలా మా ఆయనకు ఫోన్ చేస్తాను. "ఏంది, కూర ఏం వండాలె?" అంటాడు. అమ్మాయిలు పకపకా నవ్వి గాజులు తీసేస్తారు. అనసూయక్క పేరు మాత్రం ఎత్తను. ఎత్తితే ఆమె ఇంటాయన ఎలా ఉన్నాడని ఎవరో ఒకరు అడుగుతారు. నిజం చెబితే బల్ల మీది గాజులన్నీ మళ్లీ చేతులకెక్కుతాయి. ఆమె పాఠం బతకాలంటే ఆమెనే దాచిపెట్టాల్సి వస్తోంది.

మొన్న నల్లా దగ్గర ఒక చలాకీ పిల్ల అడగనే అడిగింది, ఇదంతా మీకెవరు నేర్పిండ్రు మేడమ్ అని.

"నల్లా బంద్ చెయ్, నీళ్లు పోతున్నయి" అన్నాను.